పొగ లేని కుంపటి

సుభద్రమ్మ ఏ బాలింతను చూడబోయినా ముందు నాడి పట్టేది కాదు, బిడ్డను ఎత్తుకునేది కాదు. తిన్నగా వెళ్లి కిటికీ తెరిచేది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. కొండ కింది పల్లెల్లో ఇప్పటికీ ఆమె మాటే వైద్యం. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న కుసుమకు ఈ అలవాటు చాదస్తంగా తోచేది. "అమ్మా, గదిలో పొగ లేదు, కంపు లేదు. అయినా కిటికీ ఎందుకు తెరుస్తారు?" అని ఒకనాడు అడిగింది. సుభద్రమ్మ నవ్వి రెండో రెక్క కూడా బార్లా తోసింది. అది వట్టి చాదస్తమేనని కుసుమ లోలోపల కాస్త మురిసింది కూడా.

పుష్యమాసం, ఎముకలు కొరికే చలి. ఆ సాయంత్రం కుసుమ ఒక్కతే రెడ్డెమ్మ కోడలిని చూడబోయింది. పురుడై తొమ్మిదో రోజు. రెడ్డెమ్మ పొగ కక్కుతున్న బొగ్గుల కుంపటిని గదిలోకి తేబోతుంటే కుసుమ అడ్డుపడింది. పొగ పసిబిడ్డకు పడదని, అది పూర్తిగా పోయి నిప్పులు కణకణలాడాకే లోపల పెట్టమని చెప్పింది. చదువుకున్న పిల్ల మాటాయె, రెడ్డెమ్మ పొల్లుపోకుండా పాటించింది. చలిగాలి దూరకుండా కిటికీ బిగించి, తలుపు సందులో పాత చీర కూడా కుక్కింది.

తెల్లవారి గురుశిష్యులిద్దరూ వెళ్లేసరికి రెడ్డెమ్మ వాకిట్లో ముగ్గేస్తోంది. "తెల్లారుజామున కోడలు తలనొప్పి అనె, వాంతి చేసుకునె. కాఫీ తాపితి. ఇప్పుడు తల్లీబిడ్డా కమ్మగా నిద్దరపోతాండారు. బిడ్డ ఏడుపు కూడా లేదు," అంది సంతోషంగా.

సుభద్రమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. డెబ్బై ఏళ్ల మనిషి పరుగెత్తడం కుసుమ అదే మొదటిసారి చూడడం. తలుపు బార్లా తోసి, బాలింతను చంకల కింద పట్టుకుని వసారాలోకి ఈడ్చుకొచ్చింది. "ఊపిరి బిగబట్టి పో, బిడ్డను తీసుకురా," అంది. కుసుమ ఎత్తుకున్న బిడ్డ తల గుడ్డబొమ్మ తలలా వాలిపోయింది. తల్లి ఎంత తట్టినా ఉలకలేదు, పలకలేదు. "గాలి తగిల్తే బాలింతకు జన్ని జొరం..." అనబోయిన రెడ్డెమ్మ ముగ్గుచిప్పతో అలాగే నిలబడిపోయింది.

చల్లగాలికి కాసేపటికి బిడ్డ కేర్‌మంది. తల్లి కళ్లు తెరవలేదు. 108 బండి వచ్చి, తల్లీబిడ్డలిద్దరికీ ముక్కుకు ఆక్సిజన్ పెట్టి పట్నానికి తీసుకుపోయింది. మూసిన గదిలో బొగ్గునిప్పులు విడిచే విషవాయువుకు రంగుండదు, వాసనుండదు. నెత్తుట్లో చేరి ప్రాణవాయువుకు చోటు లేకుండా చేస్తుంది.

మధ్యాహ్నానికి కబురొచ్చింది, తల్లి కళ్లు తెరిచి బిడ్డను అడిగిందని. అప్పటిదాకా కుసుమ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. వాకిట్లో బోర్లించిన కుంపటి ముందే కూర్చుని ఉంది.

"పొగ పోయేదాకా ఆగమని చెప్పింది నేనేనమ్మా," అంది చివరకు.

సుభద్రమ్మ ఆమె తల నిమిరింది.

"పొగ ఉంటే ఆ పిల్ల దగ్గి లేచేది గదమ్మా."