నూకరత్నం గారి నిమిషాలు

పైడిరాజు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. విశాఖపట్నంలో నలభై ఏళ్ళుగా ఈత నేర్పుతున్న ఆయన దగ్గర శిష్యరికం చేసినవాళ్ళందరికీ ఇది అనుభవమే. అయినా అడగకుండా ఉండలేరు. సన్యాసిరావు కూడా ఉండలేకపోయాడు.

సన్యాసిరావు పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. కడుపులో చల్ల కదలకుండా కూర్చోవలసిన అరవై ఒకటో ఏట, సముద్రంలో ఈది, ఒడ్డుకొచ్చి సైకిలు తొక్కి, అది దిగి పరుగెత్తే ట్రయథ్లాన్ పోటీ మీద మోజుపడ్డాడు. మూడు నెలల్లో కాకినాడలో జరిగే పోటీకి పేరు కూడా ఇచ్చేశాడు. సైకిలూ పరుగూ పరవాలేదు. ఈత మాత్రం ముప్పై నిమిషాల్లో ముగించాలి, అతనికి ముప్పైమూడు పడుతోంది. ఆలస్యమైతే అక్కడితో సరి, సైకిలు ముట్టుకోనివ్వరు.

"మాస్టారూ, పోటీ పెట్టేవాళ్ళు మీ మాట కాదనరు. అరవై దాటినోళ్ళకి ఓ ఐదు నిమిషాలు ఎక్కువివ్వమంటే తప్పేటండీ?" అని అడిగాడు.

మాస్టారు తువ్వాలుతో చెవి తుడుచుకుంటూ, "ఆదివారం భీమిలిలో ఇలాంటి పోటీయే ఉంది. నువ్వొచ్చి వాచీ పట్టుకో" అన్నారు.

ఆదివారం పొద్దున్న సన్యాసిరావు ఇసుకలో కట్టిన తాడు దగ్గర స్టాప్‌వాచీతో నిలబడ్డాడు. పని చిన్నదే. నీళ్ళలోంచి వచ్చినవాళ్ళ టైము కాగితం మీద వెయ్యాలి. ముప్పై నిమిషాలు దాటి వచ్చినవాళ్ళ దగ్గర నంబరు టోపీ తీసేసుకుని పక్కన కూర్చోబెట్టాలి. పాతిక సెకన్ల ఆలస్యంతో ముప్పయ్యేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకడు రొప్పుతూ వచ్చాడు. బతిమాలాడు. "రూలు రూలే బాబూ" అని సన్యాసిరావు చెయ్యి చాపాడు. నిజం చెప్పాలంటే, అలా అనడం అతనికి కాస్త హాయిగానే ఉంది.

ఆ తర్వాత చివరి మనిషి అలల్లోంచి లేచి, తడబడే కాళ్ళతో తాడు దాటింది. ఆవిడ నూకరత్నం. అరవయ్యారేళ్ళు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. సన్యాసిరావు వాచీ ఆపి చూస్తే ముప్పైఒక్క నిమిషాల నలభై సెకన్లు. అతని గుండె కరిగిపోయింది. ఆవిడలో అతనికి తనే కనిపించాడు. అటూ ఇటూ చూసి, వాచీని గుప్పిట్లో దాచేసి, "టైముందమ్మా, వెళ్ళిపోండి, సైకిళ్ళు అటున్నాయి" అన్నాడు.

ఆవిడ కదల్లేదు. నడుం మీద చేతులు వేసుకుని ఊపిరి తీసుకుంది.

"ఎంతయింది బాబూ?"

"ఇరవైతొమ్మిది చిల్లర."

"ముప్పై అయిదేళ్ళు మంచాల పక్కన నిలబడి నాడి పట్టుకున్న చెయ్యి ఇది. నిమిషం ఎంతుంటాదో నాకు తెలీదేటి? చూపించు."

చూపించక తప్పలేదు. అంకె చూడగానే నూకరత్నం మొహం విప్పారింది. "ముప్పైఒకటీ నలభయ్యా!" అని పెద్దగా నవ్వింది. సన్యాసిరావుకి ఆ సంబరం అర్థం కాలేదు.

"పోయినేడు ముప్పైనాలుగూ పది" అంది ఆవిడ. "ఏడాదంతా సముద్రంలో పడి ఈదితే, అందులోంచి ఈ రెండున్నర నిమిషాలు ఊడొచ్చాయి. నువ్వు ఇరవైతొమ్మిదని రాసేస్తే నేను ఈదిందంతా ఏటైపోవాలి? ఆ అబ్బాయి టోపీ తీసుకున్నావు కదా, నాదీ తీసుకో."

టోపీ లాగి అతని చేతిలో పెట్టింది. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. నేరుగా వెళ్ళి సాఫ్ట్‌వేర్ అబ్బాయి పక్కన ఇసుకలో చతికిలబడి, "పాతిక సెకన్లకే మొహం అలా వేలాడేస్తే ఎలా నాయనా? వచ్చే ఏడు నీకన్నా ముందొస్తాను, చూసుకో" అంది. ఏడుపు మొహంతో ఉన్న అతను ఫక్కున నవ్వేశాడు.

సన్యాసిరావుకి ముందు సిగ్గేసింది. ఆ తర్వాత, ముక్కూ మొహం తెలియని ఆ మనిషిని చూసి ఛాతీ పొంగింది. తన వయసు మీద అతనికి మొదటిసారి గర్వం కలిగింది. కాగితం మీద ముప్పైఒకటీ నలభై అని ఒక్కో అంకె దిద్ది దిద్ది వేశాడు.

దాన్ని మాస్టారికి అందిస్తూ, "ఇంతకీ ఆవిడ ఓడిపోయినట్టా, గెలిచినట్టా మాస్టారూ?" అని అడిగాడు.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఓడిపోయింది. శుభ్రంగా ఓడిపోయింది" అన్నారు. "మూడు నెలల్లో నీకు అలా ఓడిపోవడం నేర్పగలనో లేదో. రేపు ఐదింటికి వచ్చెయ్."