బుడగబండి పెట్రోలు ట్యాంకు

దస్తగిరి మేస్త్రిని ఏదన్నా అడిగితే జవాబు నోటితో రాదు, చేతికి ఏదో ఒక వస్తువు వస్తుంది. బండి చెయిన్ ఊరికే ఎందుకు జారిపోతోందని అడిగినవాడికి అరిగిన పళ్ళచక్రం ఇచ్చి, పళ్ళ మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి రమ్మంటాడు. పెళ్ళి చేసుకోమంటావా అని అడిగిన ఒకడికి ఒక బోల్టూ, దానికి పట్టని నట్టూ ఇచ్చాడని దిబ్బలపాళెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాడు పెళ్ళి చేసుకున్నాడు, అది వేరే సంగతి. మేస్త్రి రోడ్డు మీది షెడ్డు మూసేసి ఏడేళ్ళయింది. ఇప్పుడు ఇంటి పెరట్లో, రేకుల పంచ కింద, తనకు నచ్చిన పాతబండ్లను మాత్రమే విప్పుతాడు.

ఆయన దగ్గర మిగిలిన శిష్యురాలు నీలవేణి ఒక్కతే. ఇరవై అయిదేళ్ళది. ఎవరూ నేర్పకుండా, ఫోనులో చూసి, విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి సగం పని నేర్చుకుని మిగతా సగం కోసం ఆయన పెరట్లోకి వచ్చింది. ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషి. అలాంటిది నాలుగు రోజులు పనికి రాకుండా ఇంట్లో పడుకుని, అయిదో రోజు వచ్చి, పానా కూడా పట్టుకోకుండా నిలబడి అడిగింది.

"మేస్త్రీ, చేసిన తప్పు చెప్పేసుకుంటే పోతాదా?"

ఆ నాలుగు రోజుల ముందు ఏం జరిగిందో చెబితే తప్ప ఈ ప్రశ్న ఎక్కడిదో తెలియదు.

సముద్రం ఒడ్డు దిబ్బల కింద ముడిచమురు ఉందేమో చూడాలని ముప్పై అయిదేళ్ళ కిందట ఒక సర్వే కంపెనీ ఆ ఊరికి వచ్చింది. జీపులు ఇసుకలో కూరుకుపోతుంటే మూడు చక్రాల బండ్లు రెండు దించారు. ముందొక చక్రం, వెనక రెండు, మూడూ గుమ్మడికాయల్లా ఉబ్బిన టైర్లు. మోటారు సైకిలుకున్నట్టు హ్యాండిలు. తాడు పట్టి లాగితే స్టార్టయ్యే ఇంజను. ఊరివాళ్ళు దానికి బుడగబండి అని పేరు పెట్టుకున్నారు. నీలవేణి తండ్రి మస్తానయ్య ఆ కంపెనీలో డ్రైవరు. చమురు లేదని తేలాక కంపెనీ ఒక బండిని లారీ ఎక్కించుకుని పోయింది, రెండోదాన్ని ఆయనకు వదిలేసింది.

ఆ బండి మీదే పదకొండేళ్ళ కిందట ఆమె అన్న మాలకొండయ్య పోయాడు. పంతొమ్మిదేళ్ళవాడు. దిబ్బ దిగి, కరకట్ట ఎక్కి, గట్టినేల మీద మలుపు తిప్పబోతే బండి ఎగిరి వాడి మీదే పడింది. బ్రేకు పడలేదన్నారు. బాగుచేయిస్తా చేయిస్తా అంటూ మస్తానయ్య చేయించలేదన్నారు. ఆ మాట మొదట అన్నది తల్లి వెంగమ్మే. అప్పటి నుంచి ఆమె మొగుడితో మాట్లాడలేదు. బండిని పాతసామాన్లవాడికి అమ్మనివ్వనూ లేదు. పెరట్లో, ఆయన మంచానికి ఎదురుగా, కళ్ళు తెరిస్తే కనబడేట్టు పెట్టించింది.

ఈ వేసవిలో నీలవేణి దాన్ని మేస్త్రి ఇంటికి నెట్టుకొచ్చింది. తల్లి అడ్డుపడలేదు. "నడిపించి ఇంకెవర్ని చంపుతావు మే" అని మాత్రం అంది. బాగుచేయడం ఒక వంక. అన్నను చంపిన బ్రేకు ఎట్లా ఉంటుందో కళ్ళారా చూడాలన్నదే ఆమె కోరిక. విప్పి చూస్తే బ్రేకు బాగానే ఉంది. తుడిచి, నూనె వేసి నొక్కితే చక్రాన్ని గట్టిగా పట్టింది. ఆమె మేస్త్రి ముఖం చూసింది. మేస్త్రి ఇంజను వైపు చూశాడు.

తర్వాత టైర్ల వంతు వచ్చింది. పగుళ్ళకు అతుకులు వేసి, లోపల ట్యూబులు దూర్చి, ఆమె సైకిలు పంపు తగిలించి కొట్టసాగింది. పది దెబ్బలు పడ్డాయో లేదో మేస్త్రి వచ్చి పంపు ఆపి, ఆమె బొటనవేలు తీసి టైరు మీద నొక్కాడు.

"వేలు దిగాలి పాపా. ఈ బండికి స్ప్రింగులు లేవు, టైర్లే స్ప్రింగులు. మామూలు బండికి కొట్టినట్టు కొడితే ఇసకలో తెలియదు. గట్టినేల మీద తిప్పితే బంతిలా ఎగురుతాది."

నీలవేణి వేలు టైరు మీదే ఉండిపోయింది.

పద్నాలుగేళ్ళప్పుడు, అన్న స్నానానికి పోయిన సమయంలో, వాడికి పని తప్పిద్దామని ఆ మూడు టైర్లకూ ఆమే గాలి కొట్టింది. అరగంట పట్టింది. రెక్కలు లాగేశాయి. అన్న తల తుడుచుకుంటూ వచ్చి, టైరు మీద పిడికిలితో రెండు గుద్దులు గుద్ది, "రాయిలా కొట్టావే, పహిల్వాన్" అని నవ్వి బండెక్కాడు. ఆ మాటను ఆమె పదకొండేళ్ళు అపురూపంగా దాచుకుంది. అన్న తనతో ఆఖరున అన్న మాట అని, మెచ్చుకుని పోయాడని.

ఇదీ ఆ నాలుగు రోజుల ముందు జరిగింది. అయిదో రోజు ఆమె అడిగిన ప్రశ్నకు మేస్త్రి కాసేపు గడ్డం గోక్కున్నాడు. బండికి ఇంకా బిగించని పెట్రోలు ట్యాంకు తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. మూత తీసి చూస్తే లోపలంతా తుప్పు, పుట్టమన్ను మెత్తినట్టు.

"శుభ్రం చెయ్. అయినాక పెట్రోలు పోసి, కింద కాగితం పరిచి, ఒక పూట కూర్చుని చూడు. అప్పుడు అడుగు."

ఆమె రెండు రోజులు దాంతోనే ఉంది. గులకరాళ్ళు వేసి, బాత్రూములు కడిగే యాసిడ్ పోసి, చంటిబిడ్డను ఊపినట్టు ఒళ్ళో పెట్టుకుని ఊపింది. ఎర్రటి నీళ్ళు పారబోసింది, మళ్ళీ పోసింది. వేళ్ళ మీద తోలు ఊడింది. మూడో రోజు పొద్దున లోపలికి టార్చి వేసి చూస్తే ట్యాంకు వెండిగిన్నెలా మెరిసింది. ఒక్క మచ్చ లేదు. ఆ మెరుపు చూసేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. తన ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంది. పెట్రోలు పోయనూ లేదు, కాగితం పరచనూ లేదు. ట్యాంకును గట్టు మీద పెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికి పోయింది.

వెంగమ్మ వసారాలో కూర్చుని రొయ్యలు వలుస్తోంది. నీలవేణి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. పంపు సంగతి, బ్రేకు బాగుండటం, టైరులో వేలు దిగకపోతే ఏమవుతుందో, నాయన తప్పు ఏమీ లేదని. తల్లి కొట్టినా, శోకాలు పెట్టినా, కావలించుకున్నా సరే, మూడింటికీ సిద్ధపడి వచ్చింది.

వెంగమ్మ రొయ్యలు వలవడం ఆపలేదు.

"తెలుసు మే" అంది.

"ఏం తెలుసు?"

"ఆ పొద్దు పొయ్యి కాడే ఉన్నా. పంపు చప్పుడు వినబళ్ళేదా నాకు? బండిని తెచ్చి పెరట్లో పడేసినాక మీ నాయన చేసిన మొదటి పని, టైర్లలో గాలి తీసెయ్యటం. బిడ్డ శవం ఇంట్లో పెట్టుకుని ఏందయ్యా ఈ పని అని అరిచినా. అప్పుడు చెప్పినాడు, బండిని ఎగరేసింది ఆ గాలేనని. పిల్లకు తెలిస్తే బతకదు, నేను బ్రేకు చేయించలేదని అను, ఊరంతా అనేట్టు అను అన్నాడు. అన్నాను."

ఒక రొయ్య వలిచి గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసుకుంది.

"మొదట్లో అది ఉత్తుత్తి కోపమే. అనంగా అనంగా నిజమైపోయింది. ఎప్పుడయిందో నాకే తెలియదు. ఆ కోపం ఆయన మీద ఉండబట్టే నీ తల దువ్వినా. నీకు అన్నం పెట్టినా. జ్వరమొస్తే పక్కన పడుకున్నా. తెలిసుండటం ఒకటి, నీ నోట వినటం ఇంకొకటి. ఇప్పుడు నువ్వొచ్చి చెప్తివి. ఆ కోపాన్ని తీసుకుపోయి ఎక్కడ పెట్టమంటావు?"

 నీలవేణి ఇన్ని మాటలు సిద్ధం చేసుకుని వచ్చిందిగానీ, ఈ ప్రశ్న వస్తుందని మాత్రం అనుకోలేదు.

మధ్యాహ్నం వంటింట్లోంచి తల్లి గొంతు వినబడింది. "ఏమయ్యా, తిందువు రా." పదకొండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఆ పిలుపు. మస్తానయ్య మంచం మీద లేచి కూర్చుని, ఎవర్ని పిలిచిందోనని వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత లేచి పోయి, తల దించుకుని తిన్నాడు. నీలవేణి గిన్నె గడప పక్కన ఉంది. ఇన్నేళ్ళూ ఆయనకు ఎట్లా పెట్టి, ముఖం చూడకుండా తప్పుకునేదో అట్లాగే పెట్టి తప్పుకుంది వెంగమ్మ. చేపలపులుసు, అన్నం, అంచున ఉప్పు. ఏదీ తక్కువ చేయలేదు.

చెయ్యి కడుక్కుని పెరట్లోకి వచ్చిన మస్తానయ్య కూతురి దగ్గర ఆగాడు. ఆయన ముఖంలో బరువు దిగిన జాడ లేదు. చేతిలోని పని ఎవరో లాగేసుకున్నట్టు ఉన్నాడు.

"ఎందుకమ్మా చెప్పినావు? నేను మోస్తుండా గదా."

"నీదిగాని దాన్ని నువ్వెందుకు మోయాల నాయినా?"

"నాకు అలవాటైపోయింది. నీకు లేదు గదా" అని, బండి ఉండే చోట నేల మీద మిగిలిన నూనె మరకను చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు నీలవేణి పంచ కిందికి వచ్చేసరికి ట్యాంకు గట్టు మీదే ఉంది. మేస్త్రి పక్కనే కూర్చుని బీడీ ముట్టించకుండా వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. ఆయన అడక్కముందే ఆమే చెప్పింది, తల్లి అన్నదీ, తండ్రి అన్నదీ, గిన్నె ఎక్కడ పెట్టిందీ. అంతా విని మేస్త్రి పెట్రోలు సీసా ఆమె వైపు జరిపి, కింద పాత పేపరు పరిచాడు.

ఆమె పోసింది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ట్యాంకు అడుగున చెమట పట్టినట్టు చుక్కలు పుట్టాయి. ఒకటి, రెండు, తర్వాత లెక్క తప్పింది. పేపరు మీద మరకలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి.

"మొన్న నీళ్ళు పోసినప్పుడు కారలేదే" అంది.

"తుప్పు ఉందిగా, పట్టుకోటానికి."

"అయితే తుప్పు తీయకుండా ఉండాల్సిందా?"

"ఆ తుప్పుతో బండి ఎంతదూరం పోతాది? పొడి పోయి కార్బురేటరులో అడ్డుపడతాది. దిబ్బ కూడా ఎక్కదు."

"అంటే, ఉంచినా నడవదు, తీసినా నడవదు." ఆమె గొంతులోకి కోపం వచ్చింది. "మరి నాకెందుకిచ్చినావు దీన్ని?"

"నువ్వు అడిగినావు" అన్నాడు మేస్త్రి. "ఒక పూట ఆగి చూడమన్నా."

కాసేపటికి ట్యాంకులో ఉన్నదంతా కారిపోయింది. పంచ నిండా పెట్రోలు ఘాటు. నీలవేణి ఖాళీ ట్యాంకును ఎత్తి వెలుతురుకు పట్టింది. లోపల సూదిమొనలంత చిల్లులు, ఇరవయ్యో ముప్పయ్యో, సన్నగా ఎండను లోపలికి రానిస్తున్నాయి.

"అతుకు పడతాదా మేస్త్రీ?"

"పడతాది. వెల్డింగు పెట్టాల. కానీ ఇప్పుడు కాదు. సబ్బునీళ్ళతో కడుగు, చిల్లులకు మైనం అంటించి నీళ్ళు నింపి పెట్టు. రోజూ పారబోసి మళ్ళీ నింపు. లోపల వాసన ఉన్నంతకాలం మంట దగ్గరికి తేబాకు. పేలిపోతాది."

"ఎన్నాళ్ళకు పోతాది వాసన?"

మేస్త్రి ట్యాంకు అందుకుని, మూతి దగ్గర ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని పీల్చాడు. మళ్ళీ ఆమె చేతికిచ్చేశాడు.

"కొన్నిటికి పోదు పాపా."