కాళ్ళు లేని పెట్టె చెప్పిన లోతు

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ విని ఉండరు. మనముండే చోట కొండవాగులూ లేవు, వాటిని దాటించే దున్నపోతులూ లేవు. దగ్గరికి జరగండి, చెబుతాను.

కొండవాగు ఒడ్డున ఉండే జంతువులకు ఒక కట్టుబాటు ఉండేది. "ఇక్కడ దాటొచ్చు" అన్నవాడు ముందు తాను దిగాలి. దిగనివాడి మాట ఎవరూ చెవిన పెట్టరు. ఎక్కువగా ఆ పని ముసలి దున్నపోతే చేసేది.

ఒకరోజు మేకమ్మ పిల్లలిద్దరూ లేతగడ్డి కోసం అవతలి ఒడ్డుకు గెంతారు. ఇంతలో కొండ మీద వాన పడి వాగు పొంగింది. అవతల పిల్లలు "అమ్మా!" అని ఒకటే అరుపు. తోడేళ్ళు తిరిగే వేళవుతోంది. మేకమ్మ దున్నపోతుకు కబురు పంపిందే గానీ, కాలు నిలవడం లేదు.

అప్పుడు నక్క వచ్చింది, మెడలో ఒక పెట్టె వేలాడేసుకుని. అడవి చూడ్డానికి వచ్చిన మనుషులు మరిచిపోయిన మాట్లాడే పెట్టె అది. ఎక్కడెక్కడి మాటలో పోగుచేసుకుని, ఏది అడిగినా తడుముకోకుండా చెబుతుంది. అది దొరికినప్పటి నుంచి అడవిలో నక్కదే పెద్దరికం.

"ఆ ముసలాడి కోసం ఎదురుచూపులెందుకు వదినా? పెట్టెను అడుగు."

"ఇక్కడ లోతెంత?" అని అడిగింది మేకమ్మ.

"మోకాలి లోతే. నిశ్చింతగా దాటండి" అంది పెట్టె, మెత్తటి గొంతుతో.

"ఎవరి మోకాలు? నాదా, ఏనుగుదా?"

"మంచి ప్రశ్న. మీదే."

"నాకు లోతనిపిస్తోందే!"

"నిజమే. చాలా లోతు. దిగకండి."

ఒడ్డున చూస్తున్న కుందేలు పకపకా నవ్వింది. "నక్క మామా, నీ పెట్టె ఎవరేమన్నా ఊ కొడుతోందే!"

"మొదట చెప్పిందే ఖాయం" అని కసిరింది నక్క.

ఆ మొదటి మాటే నిజమైతే బాగుండునని మేకమ్మ ప్రాణం కొట్టుకుంది. ఒక కాలు నీళ్ళలో పెట్టింది కూడా. వెంటనే వెనక్కి తీసుకుంది. తను మునిగితే పిల్లలకు దిక్కెవరు?

"సరే మరిదీ, కట్టుబాటు తెలుసుగా. పెట్టెను ముందు దిగమను."

"దానికి కాళ్ళెక్కడివి?"

"పోనీ, అది చెప్పింది తప్పయితే దానికేం పోతుంది?"

"ఏం పోతుంది! పెట్టె కదా."

"అయితే ఆ మాటకు పూచీ నీది. మోసుకొచ్చి ఖాయమన్నవాడివి నువ్వే. దిగు."

చుట్టూ అందరూ చూస్తున్నారు. నక్క మీసం దువ్వి దూకింది. రెండడుగులకే నీళ్ళు ముంచేశాయి. పెట్టె మాత్రం దాని మెడలోంచి జారి, "భయం లేదు, మోకాలి లోతే" అంటూనే బుడబుడమని అడుక్కి పోయింది.

అప్పుడే వచ్చిన దున్నపోతు నక్కను కొమ్ములతో ఒడ్డుకు నెట్టింది. తరవాత తను దిగి, కాలితో తడుముకుంటూ పోయి, "ఇక్కడ కాదు తల్లీ, ఆ పైన బండల దగ్గర కాలు ఆనుతోంది. నా వెనకే రా" అంది. మేకమ్మ దాని వీపు మీంచి చూపు తిప్పకుండా అడుగులో అడుగేసి, అవతలికి చేరి, పిల్లలిద్దరినీ ఒళ్ళంతా నాకింది.

ఇవతల నక్క వణుకుతూ, "నేనన్నానా? పెట్టె అంది" అని గొణిగింది. అప్పటికే అందరూ ఎవరి దారిన వాళ్ళు పోయారు, వినడానికక్కడ ఎవరూ లేరు.

తప్పయితే నిలబడి జవాబు చెప్పలేని గొంతు ఎంత తెలిసినట్టు మాట్లాడినా, దాని మాటకు పూచీ ఎవరిదో తేల్చుకున్నాకే అడుగు వెయ్యాలి.

మీ తరవాతి పిల్లలకూ ఈ కథ చెప్పండి. అమ్మ చెప్పింది కదా అని కాదు, మీకు నిజమనిపిస్తేనే చెప్పండి.