నమిలిన నీళ్ళు

కుంకుడుపేట మొత్తానికి తెలివైన సంసారం తమదేనని నాంచారమ్మ నమ్మకం. మాట మీద నిలబడే వంశమని పేరు మరి. మొగుడు భూషణం పలక మీద ‘మాట’ అని రాసి, రోజూ పొద్దున్నే దాని మీద కాసేపు నిలబడేవాడు. మరిది సత్తిరాజు పలక జారకుండా పట్టుకునేవాడు.

వాళ్ళ వీధి కుళాయిలో పన్నెండు రోజులుగా నీళ్ళు లేవు. నాంచారమ్మ ఇంట్లో మిగిలింది ఒక్క బిందె. అప్పుడు పక్కింటి శాంతమ్మ టీచరు వచ్చి, “జనం కడుపు మండి రోడ్డెక్కుతున్నారు. మునిసిపల్ ఆఫీసు ముందు ధర్నా. మీరూ రండి” అని చెప్పి వెళ్ళింది.

“కడుపు మండితే పడుకోవాలి గానీ ధర్నా ఏమిటి?” అన్నాడు భూషణం.

“అది కాదన్నయ్యా, రోడ్డు మన గడప కన్నా పల్లం. దిగాలి గానీ ఎక్కడమెలాగ?” అన్నాడు సత్తిరాజు.

“చాల్లెండి మీ వాదన! అంతమందికి కడుపులో మంటట. ముందు మందు చూడండి” అంది నాంచారమ్మ. అంతే, ఉన్న ఒక్క బిందె నీళ్ళూ పెరుగులో పోసి చిలికేసింది. సత్తిరాజు మురిక్కాలవలోకి దిగి, అక్కణ్ణుంచి రోడ్డెక్కాడు. మాటంటే మాటే.

ధర్నాలో నినాదానికి నోరు తెరిచిన ప్రతివాడి నోట్లోనూ నాంచారమ్మ మజ్జిగ పోసింది.

“మంట తగ్గిందా నాయనా?”

“హాయిగా ఉందమ్మా!”

“అయితే ఇంటికెళ్ళి పడుకో.”

సగం మంది వెళ్ళిపోయారు. శాంతమ్మ తల పట్టుకుంది. “ఉన్నవాళ్ళయినా గట్టిగా అనండి: కమిషనర్ దిగిరావాలి!”

భూషణం తలెత్తి చూశాడు. కమిషనర్ మేడ మీద వరండాలో నిలబడి ఉన్నాడు. “అయ్యో, దిగలేకపోతున్నాడు పాపం!” ఇంకేముంది, పక్క గోడకు సున్నం వేసేవాళ్ళ నిచ్చెన తెచ్చి వరండాకి ఆనించాడు. సత్తిరాజు ఎక్కి, “భయపడకండి సార్, నా భుజం మీద కాలెయ్యండి” అని ఆయన కాలు పట్టుకు లాగాడు. కమిషనర్ హడలిపోయి మెట్ల మీదుగా పరుగెత్తుకు దిగాడు.

శాంతమ్మ ఎదురెళ్ళింది. “నీళ్ళెప్పుడిస్తారు సార్?”

“అదీ... పైపు... అంటే... పై నుంచి ఆర్డరు...”

“చూశారా, ఎలా నీళ్ళు నములుతున్నాడో!” అంది శాంతమ్మ జనం వైపు తిరిగి.

ఆ మాట నాంచారమ్మ చెవిన పడింది. పన్నెండు రోజుల నీళ్ళు! వీధంతా ఎండిపోతుంటే ఈయన నోట్లో పెట్టుకున్నాడా! ఖాళీ మజ్జిగ బిందె ఆయన గడ్డం కింద పెట్టింది. “ఉమ్మండి బాబూ, మింగకండి!” భూషణం వీపు చరిచాడు. సత్తిరాజు రెండు బుగ్గలూ నొక్కాడు.

“రేపే వదిలేస్తాను! నన్ను వదలండి!” అని అరిచాడు కమిషనర్.

మర్నాడు కుళాయి ధారగా వచ్చింది. నాంచారమ్మ బిందె నింపింది, ముక్కు మూసుకుంది, కాలవలో పారబోసింది. ఖాళీ బిందెతో టీచరు గుమ్మంలో నిలబడింది.

“కుళాయిలోవి కమిషనర్ గారు నమిలిన నీళ్ళు. ఎంగిలి. ఎవరూ నమలనివి ఒక్క బిందె ఇప్పించండమ్మా.”

శాంతమ్మ నోరు తెరిచింది. “అదీ... అంటే...”

“ఏమండోయ్, పరుగెత్తుకు రండి!” అని కేక పెట్టింది నాంచారమ్మ, బిందె టీచరు గడ్డం కింద పెడుతూ. “ఈవిడ నోట్లోనూ ఉన్నాయి!”