బీరవ్వ పీకిన ముల్లు

వినేవాళ్లు దగ్గరికి జరగండి. నిద్రొచ్చేవాళ్లు గోడకు ఆనుకోండి. మన తాతల తాతలు కూడా ఎవరి నోటనో విన్న కథ ఇది.

అనగనగా ఒక వాగు. వాగు పక్కన ఒక కురుమల ఊరు. ఆ ఊళ్లో మనుషులకంటే గొర్రెలు ఎక్కువ. ఎండాకాలం మందలు మేత వెతుక్కుంటూ దూరదేశం పోయేవి. వానలు పడగానే తిరిగొచ్చేవి. అప్పుడు వాటి బొచ్చు కత్తిరించేవాళ్లు. ఆ ఉన్నిని బీరవ్వ అనే ముసలామె ఏరి, ఏకి, దారం వడికేది. ఆ దారంతో ఊరంతా గొంగళ్లు నేసుకునేది. బీరవ్వకు ఒక గుడిసె, ఒక కదురు, కాస్త నోటి దురుసు. అంతకుమించి ఆస్తి లేదు.

ఒక ఏడు ఉన్నిలో కొత్త ముల్లుకాయలు కనిపించాయి. రేగుగింజంత కాయ, ఒళ్లంతా కొక్కేలు. పట్టుకుంటే వేలిని వదలదు.

"ఏ దేశం ముల్లే నువ్వు? నా పానం తీయనీకొచ్చినవా?" అని తిట్టుకుంటూ బీరవ్వ ఒక్కొక్కటే ఏరింది. ఏరినవన్నీ ఊడ్చి వాగులో పారబోసింది. ఆ ఊళ్లో చెత్త ఏదైనా వాగులోనే పోసేవాళ్లు. ఆమె కూడా అదే చేసింది.

మొదటి ఏడు వాగు ఒడ్డున నాలుగు మొక్కలు లేచాయి. ఆకులు వెడల్పుగా, పచ్చగా ఉన్నాయని జనం మురిసిపోయారు. రెండో ఏడు ఒడ్డంతా అదే. మూడో ఏడు చేలో అదే, బీడులో అదే, గడ్డి మొలిచే చోటల్లా అదే. ఇప్పుడు మనం మరులమాతంగి అంటున్నది దాన్నే. దాని రెండాకుల మొలక మేసిన గొర్రెపిల్ల కాళ్లు కొట్టుకుని చచ్చిపోయేది. పిల్లలు పోతే మంద ఎక్కడిది? మంద పోతే ఊరెక్కడిది? ఆడవాళ్లు చచ్చిన గొర్రెపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చేవాళ్లు.

ఊరు ముల్లుకు నిప్పు పెట్టింది. పైన కాలింది, కింద గింజ మొలిచింది. ఊరు కొడవళ్లు పట్టింది. కాయ ముదిరాక కోశారు, నడిచినంత మేరా రాల్చుకుంటూ పోయారు. ఊరు కులదేవుడు బీరప్పకు పొట్టేలును కోసింది. కూర బాగా కుదిరిందట, ముల్లు మాత్రం కదల్లేదు.

ఇక మిగిలింది ఎవరినో ఒకరిని తిట్టడమే. ఎక్కడినుంచో మేకలు తోలుకొచ్చి ఊరి బయట దిగిన లచ్చుమయ్య దొరికాడు. "వీడే తెచ్చిండు" అని అతని మేకల్ని దొడ్లో కట్టేశారు. కులపెద్ద కొమురెల్లి తీర్పు చెప్పబోతుంటే బీరవ్వ లేచింది.

"ఆగు పెద్దయ్యా. ఆయన్ను ఇడిసిపెట్టుర్రి. ముల్లు వాగుల పోసింది నేను."

"ఏందవ్వా, సోయి ఉండే మాట్లాడుతున్నవా?"

"ఉండే మాట్లాడుతున్న. మన ఉన్నిలకెల్లి ఏరిన, ఊడ్సి పోసిన. నోరు మూసుకోని ఆయన ఉసురు పోసుకోమంటవా?"

కొమురెల్లికి కోపం వచ్చింది. పదిమందిలో తన తీర్పు ఆగిపోయింది మరి. "పోసినదానివి నువ్వే తియ్యి. ముల్లు పోయేదాంక నీకు ఉన్ని ఇయ్యం" అన్నాడు.

ఉన్ని లేకపోతే బీరవ్వకు తినడానికి జొన్న గటక కూడా లేదు. అయినా ఆమె అన్నది ఒకటే మాట. "తీస్త."

పూత రాకముందే ఒడ్డంతా వేళ్లతో సహా పీకింది. వాన పడింది, వాగు మళ్లీ కాయలు తెచ్చింది, మళ్లీ మొలిచాయి. "తీస్త" అంది, తీసింది. మళ్లీ వాన, మళ్లీ మొలక. "తీస్త" అంది, తీసింది. మూడోసారి వాగు నిండి వచ్చినప్పుడు నడుము పట్టుకుని నిలబడి నీళ్లకేసి చూసింది. కాయలు పైనుంచి తేలుతూ వస్తున్నాయి. తనేమో కింద కూర్చుని పీకుతోంది. నెత్తిన కొట్టుకుని, వాగు వెంట పైకి నడిచింది.

వాగు పుట్టేచోట బండల నడుమ ఒక మడుగు. వలస నుంచి వచ్చే మందలు మొదట నీళ్లు తాగేది అక్కడే. తాగి, బండలకు ఒళ్లు రుద్దుకునేవి. ఆ బండల చుట్టూ ముల్లుచెట్లు మనిషెత్తు నిలబడి ఉన్నాయి.

బీరవ్వ తిన్నగా కొమురెల్లి ఇంటికి వెళ్లింది.

"పెద్దయ్యా, ముల్లు పైన మడుగు కాడ ఉన్నది. నేను పోసింది ఎదురెక్కి పోదు గద. మన మందలే ఆడ రాల్సినయ్. నాకైతే గొర్రెల్లేవు. అందరికంటె నీకే ఎక్కువ."

"అయితే తప్పు నాదంటవా?"

"తప్పెవరిదో తీరుబడిగ కూసోని తేల్చుకుందాం. ముందుగాల పూత రాకముందే పీకాలె, పైనుంచి కిందికి పీకాలె. వస్తవా, రావా?"

"నా చెల్కనే ముల్లుతోని నిండింది. దాన్ని ఇడిసిపెట్టి ఎవనిదీ కాని నేలల పీకాల్నా?"

"ఎవనిదీ కాని నేల మీది నీళ్లే గద నీ చెల్కకు వచ్చేది!"

కొమురెల్లి గొణుక్కున్నాడు, సణుక్కున్నాడు, చివరికి తలపాగా బిగించి కదిలాడు. పెద్దాయన కదిలితే ఊరు కదలదా? మొదటి ఏడు మడుగు చుట్టూ పీకారు. రెండో ఏడు వాగు ఒడ్లు పీకారు. మూడో ఏడు ఎవరి చేను వాళ్లు పీకారు. వలస నుంచి వచ్చిన మందల్ని మడుగుకు రాకముందే పొలిమేరలో ఆపి, ఒంటి మీది కాయలన్నీ ఏరి, అక్కడే నిప్పులో వేశారు. లచ్చుమయ్య కూడా తన మేకల్ని తెచ్చి ఏరించుకున్నాడు. ఆ ఏడు గొర్రెపిల్లలు వాగు ఒడ్డున గంతులేస్తుంటే కొమురెల్లి ఉన్ని మూట స్వయంగా మోసుకెళ్లి బీరవ్వ గుమ్మంలో దించాడు.

కొన్నాళ్లకు బీరవ్వ పోయింది. మడుగు దగ్గరే సమాధి చేశారు. ఆ మరుసటి ఏడు అక్కడికి ఎవరూ పోలేదు. అవ్వ అంతా పీకేసింది కదా అనుకున్నారు. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా! నేలలో నిద్రపోయిన గింజ మాత్రం లేచింది. ఊతకర్ర పట్టుకుని చూడటానికి వెళ్లిన కొమురెల్లికి ఆ మొలకలు కనిపించాయి. వంగి, దొరికినన్ని పీకాడు. మళ్లీ నాటుకోకుండా వేళ్లు ఎండకు పెట్టి బీరవ్వ సమాధి రాతి మీద పరిచాడు. ఊళ్లోకి వచ్చి ఇంటింటి ముందూ నిలబడి తిట్టాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో తొలివానల తర్వాత ఎవరూ ముందు సొంత చేలో కలుపు తీయరు. ఇంటికొకరు మడుగు దగ్గరికి పోతారు. కులపెద్ద మొదటి మొక్క పీకుతాడు. బీరవ్వకు పువ్వులు పెట్టరు, పీకిన ముల్లే పెడతారు. ఒక ఏడు మోపెడు, ఒక ఏడు పిడికెడు. ఎప్పుడో ఒక ఏడు ఎంత వెతికినా ఒక్క మొక్క కూడా దొరకదు. ఆ రోజు ఖాళీ చేతులతో తిరిగొచ్చి డోళ్లు కొడతారు.

ఆ ఏడు దారినపోయేవాళ్లు బోసి సమాధి చూసి, "పాపం, ఈ ముసలామెకు వెనకాముందూ ఎవరూ లేనట్టుంది" అంటారు. ఊరివాళ్లు పకపకా నవ్వుతారు.

"ఊరంతా వచ్చిపోయినం. అవ్వకు పెట్టనీకే ఏం దొరకలే!"