తొమ్మిది మందికి పప్పుచారు

చెంచమ్మ ముప్పై రెండేళ్లు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి రిటైరైంది. ఇక పొయ్యి మొహం చూడనని ఒట్టేసుకుని, పెన్న ఒడ్డున తాయమ్మగారి ఆశ్రమంలో శిష్యురాలిగా చేరింది. నెల తిరక్కుండానే హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. కొత్త వంటమనిషి మానేసిందట. జీతమిస్తాం, మళ్లీ రమ్మంది.

అప్పట్నుంచీ జపం కుదిరితే ఒట్టు. ప్రాణమంతా హాస్టల్ వైపే లాగుతోంది. వెళితేనేమో, "అరవై దాటినా జీతం యావ చావలేదు" అని చెల్లెలు దెప్పుతుంది. ఆవిడకి అదొక్కటే వచ్చిన విద్య.

"అమ్మా, అన్నీ వదిలేసినదాన్ని. మళ్లీ జీతానికి పోవచ్చా?" అని గురువుని అడిగింది.

తాయమ్మగారు ఉతికిన చీర ఆరేస్తూ, "ముందు ఈ పూట వంట చెయ్యి" అంది.

ఆశ్రమంలో ఉండేది తొమ్మిది మంది. చెంచమ్మ పప్పు కడిగింది, చింతపండు పిసికింది, ఘుమఘుమలాడేలా తిరగమోత పెట్టింది. కూనిరాగం కూడా తీసింది. తీరా చూస్తే ఉత్సవాలకి వాడే గంగాళం నిండా పప్పుచారు! నెల సరుకంతా ఒక్క పూటలో పొయ్యెక్కింది.

"నా మతి మండిపోనూ! చెయ్యి నా మాట వినలేదమ్మా" అని నాలుక్కరుచుకుంది.

"మిగిలింది పెన్నలో పోస్తే ఊరూరా రెండ్రోజులు చారే" అని గుమ్మంలోంచి ఎవరో కిసుక్కుమన్నారు.

తాయమ్మగారు గరిటెడు రుచి చూసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఏమ్మే, ఇది మాకోసం వండింది కాదులే. మాకు తలా గరిటె తీసి, తక్కింది ఎవరి కోసం వండావో వాళ్లకి పెట్టు, పో" అని ఆటో పిలిపించి, గంగాళాన్ని ఎక్కించింది.

చెంచమ్మ మొహం వెలిగిపోయింది. అంతలోనే శిష్యురాలి దర్జా గుర్తొచ్చింది.

"జీతం మాత్రం ముట్టనమ్మా. సేవగా చేస్తాను. నన్నెవరూ వేలెత్తి చూపకూడదు."

తాయమ్మగారు గంగాళాన్ని కిందికి దింపించింది.

"అదేంటమ్మా?"

"సేవైతే నీకు మనసైన రోజే పోతావు. ఆ పిల్లలకి రోజూ ఆకలేస్తుంది."

చెంచమ్మ కొంగు బొడ్లో దోపుకుని, వంగి గంగాళానికి ఒక పక్క పట్టుకుంది.

"ఆ పక్క మీరు పట్టండమ్మా. చల్లారిపోతోంది."