మూడో కప్పు

ఇలారికి కోపమొచ్చింది. ఏకాంతవాసికి కోపం రాకూడదు కాబట్టి దాన్ని ధర్మసందేహం అనుకున్నాడు.

ఫిన్లాండ్ అడవుల్లోని ఒక మఠంలో అతను శిష్యుడు. ఆ ఏడు చలికాలమంతా సరస్సు ఒడ్డున కర్రల గుడిసెలో ఒక్కడే గడిపాడు. ఇక జన్మంతా అక్కడే ఉంటాను, అనుమతివ్వండని మఠానికి కబురు పెట్టాడు. ఆ సంగతి తేల్చడానికి గురువు వర్నవా మంచులో నడుచుకుంటూ తానే వచ్చాడు.

ముసలాయన బూట్లు విప్పకముందే ఇలారి అందుకున్నాడు.

"పిండి కొనడానికి ఊళ్ళోకెళితే కొట్టావిడ నన్ను 'మొక్కిహొపెరో' అంది గురువుగారూ! మొక్కి అంటే గుడిసె, హొపెరో అంటే తిక్క. మూడు రోజులు ఆలోచించాను. గుడిసెలో ఉండీ ఉండీ తిక్క పట్టినవాడని ఒక అర్థం. అది పామరులది, వదిలేయండి. గుడిసె మీద పిచ్చిప్రేమ గలవాడని ఇంకొకటి. లోకానికి పిచ్చివాడు, దేవుడికి జ్ఞాని అని మరొకటి. ఆవిడ తనకే తెలియకుండా ఈ చివరిదే అని ఉంటుంది!"

"ఉండొచ్చు," అన్నాడు గురువు, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ. "టీ ఉందా నాయనా?"

ఇలారి టీ కాచాడు కానీ మాట ఆపలేదు. నాలుగు నెలల మాటలు లోపల నిలవున్నాయి మరి. మాట్లాడుతూనే కప్పులు సర్దాడు. గురువుకొకటి, తనకొకటి, పొయ్యి పక్కన ఒకటి.

గుడిసెలో ఉన్నది ఇద్దరే. గురువు ఆ మూడో కప్పును చూశాడు. కెటిల్ అందుకుని తనకు పోసుకున్నాడు, శిష్యుడికి పోశాడు. తర్వాత లేచి వెళ్ళి, పెద్దమనిషికి పోసినంత వినయంగా పొయ్యి పక్కనున్న కప్పులోనూ పోశాడు. చక్కెర డబ్బా మూత తీశాడు.

"వీరికెన్ని చెంచాలు?"

"వాడికి చక్కెర పడదండీ," అన్నాడు ఇలారి. "వేశామంటే పొద్దస్తమానం చిటపటలాడుతూనే..."

అక్కడ ఆగిపోయాడు. సిగ్గుతో చచ్చినంత పనైంది. దిక్కుతోచక పొయ్యి వంక చూశాడు. అది ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

గురువు తాపీగా టీ తాగి, కోటు తొడుక్కుని, పొయ్యి వైపు చెయ్యి చూపాడు.

"ఆయన్ని ఇక్కడ తపస్సు చేసుకోనీ. నువ్వు మఠానికి రా. వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీసే మనిషి కావాలి."

ఇలారి మూట కట్టుకున్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. నోటిదాకా వచ్చిన మాటని బలవంతాన మింగాడు.

"చెప్పిరా నాయనా," అన్నాడు గురువు బయటినుంచి. "చెప్పకుండా వస్తే ఏం బాగుంటుంది?"